ఇంగ్ కుప్ప, టూ కుప్ప

ఇంగ్లీషులో ఎంజాయ్ అన్న మాట తర్వాత వచ్చే క్రియకు ఇంగ్ తగిలించాలి. వాంట్ తర్వాతైతే టూ పెట్టాలి. ఎందుకని అడిగితే మార్కాపురంలో నాకు కోచింగ్ చెప్పిన సారు "అదంతే" అన్నాడు. ఆ అదంతే వల్లే టీచరు ఉద్యోగ పరీక్ష ఒకసారి పోగొట్టుకున్నాను. రెండోసారీ పోతే ఇక కార్ఖానాలో కూర్చుని పలకలు సర్దుకోవాల్సిందే.

కార్ఖానా మాదే. నాయన పలకలు చేయిస్తాడు. పలకల ఇంట్లో పుట్టి నోటుబుక్కు పట్టుకోవడం నామోషీ అనిపించి, చట్రం బిగించిన కొత్త పలకలు తెచ్చుకుని, పలకకొక ఇంగ్లీషు క్రియ బలపంతో రాశాను. రోజూ వాటిని కలిపేసి, గొంతు చించుకుని చదువుతూ ఇంగ్ కుప్ప, టూ కుప్పగా విడదీసేదాన్ని. నెల తిరిగేసరికి తప్పులు తగ్గాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పరీక్షకు ఇంకా నాలుగు రోజులుందనగా, స్నానం చేసి వచ్చేసరికి రెండు కుప్పలూ లేవు. లోడుకు లారీ వచ్చిందట. మా దగ్గర పెట్టెకెక్కే ముందు ప్రతి పలకనూ తడిగుడ్డతో తుడుస్తారు. నాయన నావీ తుడిపించి పంపించేశాడు.

"ఎవరినడిగి తుడిపిచ్చినావు?" అని ఎగిరాను.

"పలక మీద రాసింది తుడవక ఏం జేస్తారమ్మా?" అన్నాడు, తప్పంతా నాదైనట్టు.

ఆ పూట అన్నం మానేశాను. ఏడ్చాను కూడా.

మర్నాడు పొద్దున వసారాలో మూలలు విరిగిన పలకలు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఇంగ్లీషు రాని నాయన, నా అరుపులు విని విని గుర్తున్నవన్నీ తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాడు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ ఒకవైపు. వాంట్, హోప్, డిసైడ్ ఇంకోవైపు. తప్పు పట్టాలనే కూర్చున్నాను. ఒక్కటీ దొరకలేదు. స్టాప్ అని రాసిన పలక మాత్రం నడిమధ్యలో ఉంది.

"ఇదేంది నాయనా?"

"దాన్ని నువ్వు ఒకరోజు ఇట్ల, ఒకరోజు అట్ల పెడతాంటివి. నాకేం తెలుసు?"

నిజమే, అది రెండు వైపులా చెల్లుతుంది. కోపం నిలుపుకోవడం నా వల్ల కాలేదు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు త్రిపురాంతకం దగ్గర బడిలో చెబుతున్నాను. ఆ పలకలు తరగతిలో నా బీరువా మీదే ఉంటాయి. మొన్న బడి చూడటానికి వచ్చిన నాయన వాటిని చూసి, తడిగుడ్డ ఉందా అని అడిగాడు.

"పరీక్ష అయిపోయె గదమ్మా. తుడిచిస్తే పిల్లోళ్లు రాసుకుంటారు."

బోర్డు తుడిచే గుడ్డను వీపు వెనక దాచుకుని, లేదన్నాను.