ఒకవేళ పాండురంగయ్యగారి పన్నెండో దరఖాస్తు

పాండురంగయ్యగారు నోరు విప్పితే ముందు ‘ఒకవేళ’ అనే మాట వస్తుంది. దాని వెనకాలే ఒక ప్రమాదం వస్తుంది. “బాగున్నారాండీ?” అని ఎవరైనా పలకరిస్తే, “ఇప్పటికి బాగానే ఉన్నానండీ. ఒకవేళ సాయంత్రానికి తేడా చేస్తే?” అని జవాబు కోసం అడిగినవాడి మొహంలోకే చూస్తారు. పలకరించిన పాపానికి ఆ మనిషి తన నాడి తాను పట్టుకు చూసుకుంటూ ఇంటికి పోతాడు.

ఆయన కాపురం కృష్ణకి అవతలి ఒడ్డున సీతానగరంలో. ఉద్యోగం ఇవతల బెజవాడలో, ఏలూరు కాలువ పక్కనున్న కాలేజీలో గుమాస్తా. రోజూ రిక్షాలో వస్తారు. బారేజీ మొదట్లో దిగిపోయి, ఆ పొడుగంతా నడిచి, ఇవతలికి వచ్చాక మళ్లీ ఎక్కుతారు.

“లారీలు పోతన్నాయి, బస్సులు పోతన్నాయి, మీరు కూచుంటే ఏమవుద్దండీ?” అని రిక్షా అతను ఒకసారి అడిగాడు.

“అవన్నీ మోసి మోసి ఉంది కదయ్యా! ఒకవేళ దాని ఓపిక సరిగ్గా నాతోనే అయిపోతే?”

ఆ రోజు నుంచి రిక్షా అతను కూడా దిగి, బండి తోసుకుంటూ నడుస్తున్నాడు.

ఆయన భార్య మంగాయమ్మగారు ఇంకో సంగతి చెబుతారు. పెళ్లిలో మూడు ముళ్లూ వేశాక ఆయన చెయ్యి తియ్యలేదట. “ఒకవేళ ఊడితే?” అని నాలుగో ముడి వేయబోతే పురోహితుడు చెయ్యి పట్టుకుని ఆపాడట. ఆ మిగిలిపోయిన నాలుగో ముడిని ఆయన ఇప్పటికీ ఆఫీసు కాగితాల కట్టల మీద తీర్చుకుంటున్నారు. ఆయన కట్టిన కట్ట విప్పాలంటే ఒక పూట సెలవు పెట్టాలి.

అలాంటి మనిషి చేతికి కాలేజీలో చేరే పిల్లల దరఖాస్తులు అప్పగించారు.

డెబ్బై నాలుగో సంవత్సరం జులైలో రాఘవమ్మ కూతురు బాలత్రిపురసుందరిని వెంటబెట్టుకుని ఆ గుమ్మం ఎక్కింది. రాఘవమ్మది మగ్గాల ఇల్లు. భర్త రామలింగం ఎనిమిది నెలల కింద నూలు తెస్తానని వెళ్లి, నూలుకొట్టు అరుగు మీదే ఒరిగిపోయాడు. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా రాఘవమ్మ గుండెలో రాయి పడుతుంది. ‘ఒకవేళ’ అనే మాట ఆవిడకి ఎవరూ నేర్పనక్కర్లేదు. పాండురంగయ్యగారు పైకి అంటారు, ఆవిడ లోపల అనుకుంటుంది, అంతే తేడా.

సుందరి ఇంటర్ పాసయింది. బి.ఏ.లో కొత్తగా పెట్టిన అంతర్జాతీయ రాజకీయాలు, అర్థశాస్త్రం గ్రూపే కావాలంటుంది.

“అంత పొడుగు పేరున్న చదువు మనకెందుకే?” అని రాఘవమ్మ దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

“నాన్న అడిగినదానికి జవాబు అందులోనే ఉందమ్మా. ఎక్కడో ఎడారిలో వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే మన రంగుడబ్బా ధర ఎందుకు పెరగాలే సుందరీ, అని అడిగాడుగా? నాకు చెప్పటం చేతకాలేదు.”

రాఘవమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. భయం మాత్రం పోలేదు.

“కూచోండమ్మా,” అన్నారు పాండురంగయ్యగారు. “ఆ కుర్చీలో కాదు, దాని కాలొకటి అనుమానంగా ఉంది. ఏ గ్రూపు? ఆ గ్రూపా!” కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మార్కుల లిస్టు నకళ్లు ఎన్ని తెచ్చావమ్మాయ్?”

“రెండండీ.”

“మూడు కావాలి. ఒకటి తడుస్తుంది, ఒకటి పోతుంది. సరే, విను. తరగతులు పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా. మొదటి భాగం ఇంగ్లీషూ తెలుగూ. ఒకవేళ అందులో తప్పితే మిగతావన్నీ పాసైనా డిగ్రీ రాదు. రెండో భాగం అందరికీ ఉండే చిన్న పేపరు. చిన్నదే కదా అని వదిలేస్తారు, అక్కడే కాలు జారుతుంది. మూడో భాగం అసలుది. అర్థశాస్త్రం, రాజనీతి, చరిత్ర. ఆఖరి ఏడాది అంతర్జాతీయ రాజకీయాలు ఒక పేపరు, దేశాల మధ్య వ్యాపారం ఇంకో పేపరు. పదిహేను రోజులు దాటితే గ్రూపు మారటానికి లేదు. హాజరు నూటికి డెబ్బై అయిదు. ఒక్క పరీక్ష మానినా ఇంటికి కార్డు వస్తుంది. నేనే రాస్తాను.”

“మానదండీ,” అంది రాఘవమ్మ హీనస్వరంతో.

“ఇక పటం పరీక్ష. ఖాళీ ప్రపంచపటం ఇస్తారు. దేశాలూ రేవులూ గుర్తుపెట్టాలి. పెట్టాక ఆ పటాన్ని జవాబు కాగితాలకి దారంతో కట్టాలి. ఒకవేళ... ఒకవేళ కట్టకపోతే...” ఆయన ఆ మాట పూర్తి చెయ్యకుండా గ్లాసు అందుకున్నారు. మంచినీళ్లు తాగారు. అవి తాగేముందు గ్లాసులోకి తొంగిచూశారు. “ఇవన్నీ ఒక ఎత్తమ్మా. ఈ నెల ముప్ఫయ్యో తారీకు సాయంత్రం అయిదింటికల్లా పన్నెండు దరఖాస్తులు చేరకపోతే ఈ గ్రూపే ఎత్తేస్తారు.”

“ఇప్పటికి ఎంతమంది చేరారండీ?” అని సుందరి అడిగింది.

“నీతో కలిపి ఒకరు.”

రాఘవమ్మ లేచి నిలబడింది. “పదవే, ఇంటికి పోదాం.”

“నేను రాను. కాగితం ఇవ్వండి బాబుగారూ, నింపుతాను.”

తండ్రి సంతకం పెట్టవలసిన గడి దగ్గర సుందరి కలం ఆగింది. పాండురంగయ్యగారు వంగి చూశారు. ఆయన నోట ఈసారి ‘ఒకవేళ’ రాలేదు. “తల్లి సంతకం చెల్లుతుంది. తొమ్మిదో రూలు,” అన్నారు మెల్లగా.

రాఘవమ్మ అలవాటుగా సిరా దిండు వైపు బొటనవేలు చాపింది. ఆయన దిండు పక్కకి లాగేశారు. “ఒకవేళ వేలిముద్ర అలుక్కుపోతే? మీ పేరు రాయటం వచ్చా?”

“ఆయన నేర్పాడండీ. రాసి చాలా ఏళ్లయింది.”

“ఇదిగో చిత్తు కాగితం. పదిసార్లు రాయండి. తొందరేం లేదు.”

వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. రాఘవమ్మ పదిసార్లు రాసి, పదకొండోసారి గడిలో పెట్టింది. కాస్త వంకరగా వచ్చినా, పేరు పేరులాగే ఉంది.

ఆ తరువాతి రోజులన్నీ ఇంట్లో లెక్క అదే. నలుగురయ్యారు. ఆరుగురయ్యారు. గన్నవరం నుంచి పహిల్వానులాంటి అబ్బాయి ఒకడు వచ్చి, పాండురంగయ్యగారి ఎదురుగా పావుగంట కూచుని, చెమటలు కక్కుకుంటూ లేచి కామర్సులో చేరిపోయాడట. రాఘవమ్మ పైకి ‘అయ్యో’ అనేది. లోపల మాత్రం పన్నెండు కాకపోతే బాగుండుననుకునేది. పిల్ల గడప దాటదు. గడప దాటని పిల్లకి ఏమీ కాదు. అలా అనుకున్నందుకు మళ్లీ దేవుడి పటం ముందు చెంపలు వేసుకునేది.

ముప్ఫయ్యో తారీకు మధ్యాహ్నానికి పదకొండు మంది. సుందరి అన్నం ముందు కూచుని కలపకుండా లేచిపోయింది. వెళ్లి తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూచుంది. నెయ్యటం లేదు, ఏడవటం లేదు. ఊరికే తెగిన పోగొకటి వేలికి చుట్టుకుంటోంది.

రాఘవమ్మకి అప్పుడు కొత్త భయం పుట్టింది. గడప దాటితే ఏమవుతుందోనని ఇన్నాళ్లూ భయపడింది. దాటకపోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్లముందే ఉంది. చెప్పులేసుకుని, జీవితంలో మొదటిసారి ఒక్కతే కాలేజీకి బయలుదేరింది. ఏలూరు కాలువ వంతెన ఎక్కడం దిగడం కూడా తెలియలేదు.

గుమ్మంలో బంట్రోతు అబ్రహాము ఎదురొచ్చాడు. “ఇంకెక్కడి పన్నెండమ్మగారూ! మా పెద్దమనిషి ఇరవై మందిని భయపెట్టి కామర్సుకి తోలేశాడు. టైము నాలుగున్నర.”

రాఘవమ్మ తిన్నగా పాండురంగయ్యగారి బల్ల ముందుకెళ్లింది. ఎనిమిది నెలలుగా గొంతు దాటని కేక బయటికొచ్చింది. “ఏమయ్యా, నీ ఒకవేళలు నీ దగ్గర పెట్టుకోవచ్చుగా! అందరినీ బెదరగొట్టి పంపేశావు. నా పిల్ల గుంటలో కూచుంది, లేవటం లేదు!”

ఆఫీసంతా తలెత్తి చూసింది. పాండురంగయ్యగారి ముందు ఒక దరఖాస్తు ఉంది. రాయబోయి ఆగినప్పుడల్లా రాలిన సిరా చుక్కలు దాని మీద ఆకాశంలో నక్షత్రాల్లా పడ్డాయి. పైన పేరున్న గడిలో ‘పాండురంగయ్య’ అని ఉంది.

“ఇదెవరిదండీ?” అంది రాఘవమ్మ. కోపం సగంలో ఆగిపోయింది.

“నాదేనమ్మా. పొద్దుటి తరగతులు పదింటికి అయిపోతాయి, ఆఫీసు పదిన్నరకి. ఉద్యోగస్తులు చేరవచ్చు, ఇరవై రెండో రూలు. ప్రిన్సిపాలుగారి అనుమతి పొద్దున్నే రాయించుకున్నాను. ధైర్యం ఒక్కటే ఇంకా చేరలేదు.” ఆయన తల వంచుకున్నారు. “ఇరవై అయిదేళ్ల కింద నేను బి.ఏ. ఆఖరి పరీక్ష రాశాను. పటం బ్రహ్మాండంగా పెట్టాను. జవాబు కాగితాలకి కట్టడం మరిచిపోయి బల్ల మీదే వదిలొచ్చాను. ఆ మార్కులు పోయి పరీక్ష తప్పింది. ఆ ఏడే మా నాన్న పోయాడు, మళ్లీ పరీక్షకి కట్టలేదు. బయలుదేరేటప్పుడు ఒక్కరంటే ఒక్కరు ‘ఒరేయ్, ఒకవేళ దారం మరిచిపోతావేమో’ అని ఉంటే... అందుకే నేను అందరితోనూ అంటానమ్మా. ఇన్నేళ్లలో నేను తీసుకున్న దరఖాస్తు ఒక్కటీ వెనక్కి రాలేదు.”



“నాలుగూ యాభై!” అని అబ్రహాము గడియారం చూసి అరిచాడు. “ఇచ్చెయ్యండి సార్!”

“ఇవ్వడానికి లేదు,” అన్నారు పాండురంగయ్యగారు ఏడుపు గొంతుతో. “సంరక్షకుల సంతకం గడి ఖాళీగా ఉంది. ఖాళీ ఉంటే గుమాస్తా కొట్టెయ్యాలి. గుమాస్తాని నేనే!”

“నలభై ఏడేళ్ల మనిషికి సంరక్షకులేంటి సార్?”

“రూల్లో వయసు రాయలేదయ్యా! మా మంగాయమ్మ చూస్తే ఉయ్యూరు వెళ్లింది. నీ సంతకం పనికిరాదు, కాలేజీ నౌకరువి. ఊళ్లో కాపురమున్న గృహస్థులు ఎవరైనా...”

రాఘవమ్మ ఆయన చేతిలో కలం లాక్కుంది. “ఆ గడి ఎక్కడో చూపించండి.”

“ఒకవేళ మీకు...”

“ఊరుకోండి!”

ఈసారి చిత్తు కాగితం అక్కర్లేకపోయింది. రాఘవమ్మ అని నిలువుగా, నీటుగా పడింది. అబ్రహాము ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాలుగారి గదిలోకి పరుగెత్తాడు. అయిదు గంటల గంట కొట్టేసరికి పన్నెండో పేరు పుస్తకంలోకి ఎక్కింది.

ఆగస్టు నుంచి సుందరి రోజూ పొద్దున గడప దాటుతోంది. తిరిగొచ్చేదాకా రాఘవమ్మ వీధి గుమ్మం వదలదు. కానీ సుందరి రోజూ వస్తోంది, వస్తూ ఏదో ఒక దేశం సంగతి తెస్తోంది. మగ్గం దగ్గర కూచుని చమురు ఎక్కడ పుడుతుందో, రంగులోకి ఎలా వస్తుందో చెబుతుంటే రాఘవమ్మ నూలు కండెలు చుడుతూ వింటుంది. సగం అర్థం కాదు. సగం ఆయన కోసం వింటుంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కాలేజీ ముద్ర ఉన్న కార్డొకటి వచ్చింది. రాఘవమ్మ దాన్ని కూతురి చేతికిచ్చింది. “చదవవే సుందరీ. పరీక్ష ఏదన్నా మానావా?”

సుందరి చదివింది. “‘శ్రీమతి రాఘవమ్మగారికి. మీ సంరక్షణలోని విద్యార్థి పాండురంగయ్య, సోమవారం జరిగిన ప్రపంచపటం పరీక్షకు హాజరు కాలేదు. ఆ సమయంలో సదరు విద్యార్థి ఆఫీసులో బీరువా వెనుక కూర్చొని ఉండగా ఈ గుమాస్తా స్వయంగా చూచినాడు. పరీక్ష మరల గురువారం పెట్టెదరు. విద్యార్థిని మందలించవలసినది. ఇట్లు, పాండురంగయ్య, గుమాస్తా.’”

భర్త పోయి పదో నెలలో పడ్డాక, ఆ ఇంట్లో రాఘవమ్మ నవ్వు వినబడింది. ముందు చిన్నగా వచ్చింది, తరువాత పొట్ట పట్టుకుని గుమ్మానికి చేరగిలబడేంత వచ్చింది.

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని కలం తెమ్మంది. సుందరి రాసిపెడతానంటే ఒప్పుకోలేదు. ఒక్కో అక్షరం అడుగుతూ, కూడబలుక్కుంటూ, గంటసేపు కూచుని బతుకులో మొదటి ఉత్తరం రాసింది. దానికి మగ్గం మీది ఎర్ర దారం మూరెడు తెంపి చుట్టి, కూతురి చేతికిచ్చి పంపింది.

‘దారం పంపుతున్నాను. నాలుగు ముళ్లు వేసుకో. ఒకవేళ గురువారం కూడా బీరువా వెనక కూచుంటే నేనే వస్తాను. రాఘవమ్మ.’