మలుపు దగ్గర ఊగే హ్యాండిల్

2022 వేసవి. సారపాకలో నా బైకు మెకానిక్ షెడ్డుకి రాజేశం వచ్చాడు. మణుగూరు బొగ్గు గనిలో పని చేస్తాడు. తెచ్చిన బండి వాళ్లన్న సమ్మయ్యది. అంతకు ఏడాది ముందు అడవి రోడ్డులో, ముత్యాలమ్మ తల్లిని నిలిపిన గద్దె ఉన్న మలుపు దగ్గర సమ్మయ్య ఈ బండి మీద నుంచే పడి చనిపోయాడు. ఎలా పడ్డాడో చూసినవాళ్లు లేరు.

"గద్దెకాడికి రాంగనే హ్యాండిల్ ఎవరో పట్టుకొని ఊపినట్టైతది మేస్త్రీ," అన్నాడు రాజేశం.

"మిగతా తొవ్వల?"

"ఏం లేదు. గక్కడనే. నిన్న లారీ కిందికి పోయేటోణ్ణి. మా వదినైతే మీ అన్న పిలుస్తుండు, ఆ బండెక్కకు అంటది."

దయ్యాలకు సర్వీసింగ్ చెయ్యనని నవ్వి, మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే బండి తీశాను. ఆకులు రాలిన టేకు అడవిలో గాలి కూడా లేదు. బండి బుద్ధిగా నడిచింది. గద్దె కనిపించింది. మరుక్షణం హ్యాండిల్ గిలగిలా కొట్టుకుంది. ఎలాగో ఆపి దిగాను. చుట్టూ ఎవరూ లేరు, గద్దె మీద పసుపు మాత్రం ఇంకా తడిగా ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది. తిరిగి వస్తూ గద్దె వైపు చూడను కూడా లేదు. అప్పుడు హ్యాండిల్ కదల్లేదు. అది మరీ భయపెట్టింది.

షెడ్డులో స్టీరింగ్ డాంపర్ విప్పాను. హ్యాండిల్ అదుపు తప్పి ఊగకుండా ఆపే, నూనె నిండిన చిన్న గొట్టం అది. రాడ్ నొక్కితే సగం దాకా అడ్డే లేదు. సీలు పోయి నూనె కారింది, లోపల గాలి చేరింది. కారిన నూనె మీద దుమ్ము అట్టలు కట్టింది. నిన్నమొన్నటి లీకు కాదు. సీలు మార్చి, కొత్త నూనె పోసి, బుడగలు ఆగేదాకా రాడ్‌ను మెల్లగా ఆడించాను. ఆ ఒక్క చోటే ఎందుకన్నది మాత్రం తేలలేదు.

మర్నాడు పొద్దున గద్దె పక్కన నిలబడి రాజేశాన్ని బండి మీద రమ్మన్నాను. గద్దె దగ్గరికి రాగానే అతని కుడిచేయి యాక్సిలరేటర్ వదిలి నుదుటికి వెళ్లి, గుండె మీదికి దిగింది. నిన్న పోయేటప్పుడు నేనూ అదే చేశాను, తిరుగుదారిలో గద్దె వైపు చూడక చెయ్యలేదు. ఈ దారిన పోయే అందరం చేస్తాం, చేస్తున్నట్టు తెలియదు. చేయి తీయగానే వేగం పడిపోతుంది, ఒంటిచేతి పట్టులో హ్యాండిల్ ఊగుతుంది. డాంపర్ బాగుంటే ఆపుతుంది. ఈసారి ఆపింది.

"ఊగలే మేస్త్రీ," అని నవ్వుతూ బండి ఆపాడు.

"చెయ్యి తీసినవ్."

"నేనా? తియ్యలే."

చేసి చూపించాను. నవ్వు ఆగిపోయింది.

"మీ అన్న కూడా మొక్కెటోడా?"

"అవ్. మొక్కకుంట ఎన్నడు దాటలే." బండి దిగి గద్దె వైపు చూశాడు. "అంటే ఏంది, మా అన్న మొక్కుకుంటనే పోయిండా?"

నేను వంగి, డాంపర్ మీద నూనె తడి ఉందేమో వేలితో తడిమి చూశాను.

అప్పటినుంచి బండి వణుకుతోందని ఎవరొచ్చినా, ఆ సమయానికి చేతులెక్కడున్నాయని ముందు అడుగుతాను. రాజేశం ఇప్పుడు అక్కడ బండి ఆపి, దిగి, మొక్కి వెళ్తాడు. నేను మాత్రం ఆగను. కానీ గద్దె దాటేటప్పుడు ప్రతిసారీ నా కుడిచేయి దానంతటదే లేవబోతుంది. దాన్ని హ్యాండిల్‌కి అదిమి పట్టడానికి బలం పెట్టాల్సి వస్తోంది.