మా కెజియా ఆడని ఫైనల్

మా బిల్డింగ్ లిఫ్ట్ పాడైన రోజు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. కువైట్‌లో ఫర్వానియా అనే చోట మాది నాలుగో అంతస్తు. మా అమ్మాయి కెజియా మెట్లు దిగుతుంటే దడదడమని శబ్దం తప్ప మనిషి కనపడదు. కింద ఫ్లాట్ వాళ్ళు ఒకటి రెండుసార్లు గొడవ కూడా పెట్టుకున్నారు. ఆ రోజు మాత్రం కడ్డీ పట్టుకుని, ఎడం పాదం పక్కకి తిప్పి పెడుతూ ఒక్కో మెట్టూ దిగింది. ఏమైందే అంటే ఏం లేదంది.

నేను పదహారేళ్ళుగా కువైట్‌లో స్టాఫ్ నర్సుని. మాది నరసాపురం దగ్గర ఊరు. మావారు షర్క్‌లో ఒక ఆఫీసులో స్టోర్స్ చూస్తారు. కెజియా అప్పటికి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో మూడో సంవత్సరం. చదువు సంగతి ఎలా ఉన్నా, కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆ ఏడాదే కెప్టెన్ అయింది. ఆరు కాలేజీలు కలిసి ఒక కాన్ఫరెన్స్, అంటే లీగ్ లాంటిది. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి, చివరికి పైనున్న రెండు జట్లకీ ఫైనల్. ఐదడుగుల రెండంగుళాల మా పిల్ల, తనకన్నా తలెత్తు పొడవున్న కువైటీ పిల్లల్నీ లెబనాన్ పిల్లల్నీ అటు వెళ్ళు, ఇటు రా అని కోర్టు మధ్యలోంచి నడిపిస్తుంటే నాకు రెండు కళ్ళూ చాలేవి కావు. ఆ మ్యాచ్‌లకి మగవాళ్ళని లోపలికి రానివ్వరు. మావారు పార్కింగ్‌లో కారులో కూర్చునేవారు, నేను లోపలినుంచి స్కోరు మెసేజ్ పెట్టేదాన్ని.

ఆ రోజు ఇంటికొచ్చాక దాని కాలు పట్టుకు చూశాను. మోకాలి కింద, ముందువైపు ఎముక మీద ఒకచోట వేలు పెట్టి నొక్కితే ఉలిక్కిపడింది. షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఎక్కువై వచ్చే మామూలు కాలినొప్పి అని తేల్చేశాను. ఎవరినీ అడగలేదు. ఐస్ పెట్టాను, క్రేప్ బ్యాండేజ్ చుట్టాను, మ్యాచ్‌కి గంట ముందు వేసుకోమని నొప్పి మాత్ర ఇచ్చాను. వార్డులో ఎవరైనా అలా సొంత వైద్యం చేసుకొస్తే నేనే కేకలేసేదాన్ని. నర్సు ఇంట్లో పిల్లలకి డాక్టర్ ఉండడు, అమ్మ ఉంటుంది. మాలో చాలామంది ఇళ్ళల్లో ఇంతే.

రెండు వారాలకీ తగ్గకపోతే నా డ్యూటీ మధ్యలో మా ఆసుపత్రికే రప్పించి ఎక్స్‌రే తీయించాను. నార్మల్ అన్నారు. ఆ నార్మల్ అనే మాట పట్టుకుని ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడించాను. నాలుగూ గెలిచారు. ఆ నాలుగు వీడియోలూ నేను ఊళ్ళో మా అక్కచెల్లెళ్ళకి పంపించి గొప్పలు పోయాను. వాటిలో అది ఎడం కాలు ఆనించకుండా ఆగడం ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు నాకు బంతే కనిపించింది.

ఏడో మ్యాచ్‌లో రీబౌండ్‌కి, బుట్టకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం, ఎగిరి కిందకి దిగింది, దిగినచోటే కూర్చుండిపోయింది. ఏడవలేదు. బూటు లేసులు విప్పుకుంటూ నా వైపు చూసింది, అంతే.

ఈసారి ఎమ్మారై చేయించాం. ఆర్థో డాక్టర్ ఈజిప్టాయన, మాట తక్కువ మనిషి. స్క్రీన్ మా వైపు తిప్పి, టిబియాలో స్ట్రెస్ ఫ్రాక్చర్, గ్రేడ్ త్రీ అన్నాడు, అంటే ఆడి ఆడి మోకాలి కింది ఎముకలో వచ్చే పగులు, మూడో స్థాయిది. మొదట్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవడం మామూలేనట, ఇంకొన్ని మ్యాచ్‌లు ఆడుంటే ఎముక పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్ళేదట. తర్వాత నొప్పి పదికి ఎంత అని కెజియాని అడిగాడు. అది నా మొహంలోకి చూసి, రెండు అంది.

"మీ అమ్మ వైపు కాదు, నా వైపు చూసి చెప్పు," అన్నాడాయన.

"ఎనిమిది. రాత్రి పడుకున్నా ఆరు."

ఆ గదిలోంచి ఎలా బయటపడదామా అనిపించింది నాకు. మా ఇంట్లో నొప్పి గురించి మాట్లాడుకునే అలవాటు లేదు. పన్నెండు గంటల డ్యూటీలో నడుం పట్టేసినా ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టేదాన్ని, ఎవరైనా జాలిపడితే చిరాకుపడేదాన్ని. దాన్ని చూస్తూ పెరిగిన పిల్ల ఇంకెలా ఉంటుంది? ఆయన నన్ను బయట కూర్చోమని ఇంకొన్ని ప్రశ్నలు అడిగాడు. మూడు నెలలుగా దానికి పీరియడ్స్ రావడం లేదని, ఒళ్ళు తేలిగ్గా ఉండాలని మ్యాచ్ వారాల్లో రాత్రి అన్నం మానేస్తోందని నాకు ఆ రోజే తెలిసింది. రక్తపరీక్షల్లో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువ, విటమిన్ డి మరీ తక్కువ. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కణ్ణించి ఏసీ కోర్టులోకి. ఈ దేశంలో ఎండకేం కొదవ లేదు, మా పిల్లకి మాత్రం తగల్లేదు.

"సిస్టర్, మీ అమ్మాయి బలహీనురాలు కాదు. ఇంత నొప్పితో ఆడిందంటే మామూలు పిల్ల కాదు. కానీ తిండి తక్కువ, పరుగు ఎక్కువ అయితే ఎముక ఎక్కణ్ణించి కట్టుకుంటుంది?" అన్నాడు డాక్టర్.

కాలు కదలకుండా పట్టి ఉంచే వాకర్ బూట్, రెండు చంకకర్రలు, ఆరు వారాలు ఆ కాలిమీద బరువు వేయకూడదు. విటమిన్ డి, ఐరన్ మాత్రలు. డైటీషియన్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పూ అన్నం, సాయంత్రం పెరుగు, రాత్రి చేపో చికెనో. మొదటి వారం పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చింది. ఆకలి లేక కాదు, ఆడకుండా తింటే లావైపోతానని భయం. మావారు తన పళ్ళెం తెచ్చుకుని పక్కన కూర్చుని తినేవారు. అది తినడం అయ్యేదాకా లేచేవారు కాదు.

ఐదో వారంలో దెబ్బతిన్నాం. కాలేజీకి వెళ్ళిన పిల్ల బూట్ విప్పేసి, నిలబడి బంతులు వేయడమే కదా అని గంటసేపు ఫ్రీ త్రోలు వేసింది. సాయంత్రానికి అదే చోట నొప్పి. డాక్టర్ కేకలేయలేదు, ఇంకో రెండు వారాలు కలిపాడు. ఆ రెండు వారాలూ ఇంట్లో అందరం ముళ్ళమీద ఉన్నట్టే ఉన్నాం. నాదే తప్పని నేను, తనదే తప్పని అది. బూట్ తీశాక ఫిజియో మొదలైంది. పిక్క ఎంత పీలగా అయిపోయిందో చూసుకుని, ఇది నా కాలేనా అమ్మా అని నవ్వింది.

కెజియా లేని జట్టు రెండు మ్యాచ్‌లు ఓడి, చివరి మ్యాచ్ ఎలాగో గెలిచి ఫైనల్‌కి వచ్చింది. కాన్ఫరెన్స్ వాళ్ళు పిల్లల కాలేజీ పరీక్షల కోసం మధ్యలో సెలవులిచ్చారు కాబట్టి ఫైనల్ నాటికి కెజియా బూట్ తీసి పది రోజులైంది. కోచ్ రానా మేడమ్ నాకు ఫోన్ చేసింది. చివరి ఐదు నిమిషాలు దింపినా చాలు, పిల్లలకి ధైర్యం వస్తుంది, డాక్టర్ లెటర్ ఉంటే తనకేం అభ్యంతరం లేదంది. అడిగి తెలుసుకోవాల్సింది ఆ ఈజిప్టు డాక్టర్‌ని. నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఏమంటాడో నాకు తెలుసు. మా వార్డుకి వచ్చే ఇంకో డాక్టర్‌ని అడిగాను. సిస్టర్, మీరడిగితే కాదంటానా అని ఫిట్ అని రాసి సంతకం పెట్టేశాడు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి ఇలాంటివి ఎంత సులువో, ఆ సులువే ఎంత ప్రమాదమో చెప్పడానికే ఇది దాచకుండా రాస్తున్నాను. నాకు నా పిల్లని ఫైనల్లో చూడాలనుంది. అంతకుమించి కారణం లేదు.

ఫైనల్ రోజు జిమ్ పక్కన బట్టలు మార్చుకునే గదిలో ఆ కాగితం దాని చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఈయన నా కాలు ఎప్పుడు చూశాడమ్మా?"

అది కాగితం మడిచి నాకే ఇచ్చేసి, జట్టంతా నిలబడి ఉన్న చోటికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. నిన్న ఫిజియోలో ఒంటికాలిమీద గెంతినప్పుడు నొప్పి వచ్చిందని, పదికి నాలుగని, అందుకని తను ఆడనని కోచ్‌కి ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట అనేటప్పుడు తల దించలేదు. ఆ నాలుగు సంగతి అది చెప్పకపోతే అక్కడ ఎవరికీ తెలిసేది కాదు.

"ఖలాస్, సరే ఇక. నా పక్కన కూర్చో. నాకు నీ కళ్ళు కావాలి," అంది రానా మేడమ్.

పార్కింగ్‌లోంచి మావారు, దిగిందా అని మెసేజ్ పెట్టారు. దిగలేదు, తనే వద్దంది అని పెట్టాను. దేవునికి స్తోత్రం అని జవాబొచ్చింది. ఆయనకి ఆ లెటర్ సంగతి అప్పటికి తెలియదు. ఇంటికెళ్ళాక చెప్పాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆట జరిగినంతసేపూ కెజియా బెంచీ మీద ముందుకి వంగి కూర్చుని, దాని చోట ఆడుతున్న మొదటి సంవత్సరం పిల్లకి ఎవరిని పట్టుకోవాలో, ఎప్పుడు ఆగాలో చెబుతూనే ఉంది. చివర్లో రన్నరప్ కప్పు తీసుకోవడానికి జట్టంతా కలిసి దాన్నే ముందుకి తోశారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఓడినందుకు కాదు. ఇండియాలో చేసిందీ కలిపి నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేయలేని పని, నొప్పిగా ఉంది ఆగుతాను అనడం, నా కూతురు అందరి ముందూ చేసింది. అంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు దానికి చివరి సంవత్సరం. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయి, విటమిన్ డి నార్మల్‌కి వచ్చింది, రాత్రి అన్నం మానడం లేదు. ఆ ఈజిప్టు డాక్టరే చూసి, గెంతించి, పరిగెత్తించి ఆడమన్నాడు. ఆటలాడే పిల్లలున్న వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఎముక మీద ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి రెండు వారాలు దాటితే, ఎక్స్‌రే నార్మల్ వచ్చిందని ఊరుకోకండి, ఆర్థో డాక్టర్‌కి చూపించి ఎమ్మారై అవసరమేమో అడగండి. ఆయన పిల్లని ప్రశ్నలడిగేటప్పుడు మీరు లేచి బయట కూర్చోండి.

పోయిన వారం కొత్త సీజన్ మొదటి మ్యాచ్. మూడో క్వార్టర్లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం, బంతి కెజియా చేతిలోనే ఉంది. దాన్ని పక్క పిల్లకి అందించి, ఆట ఆగగానే కోచ్ వైపు చెయ్యెత్తింది. అలిసిపోయాను, మార్చండి అని. నడుచుకుంటూ బయటికొస్తుంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. జిమ్ మొత్తంలో నేనొక్కదాన్నే. పక్కనున్న ఎవరో తల్లి, ఆటలోంచి బయటికొచ్చే పిల్లకి చప్పట్లేమిటన్నట్టు నా మొహంలోకి చూసింది. అది మా అమ్మాయి అని చెప్పాను.