ఆరని గోనెపట్టాలు

ఆ షెడ్డులో పద్దెనిమిది వందల కోళ్లు. ముప్పై ఏడు రోజుల వయసు. ఇంకో మూడు రోజుల్లో వాటిని అమ్మకానికి తీసుకెళ్లే లారీ వస్తుంది. వాటిని సాకే ఆమెను అందరూ కోళ్లక్క అంటారు. భర్త పోయిన నాటి నుంచి అత్తతో కలిసి ఆమె ఉండేది షెడ్డు చివరి గదిలోనే. నిరుడు ఎండలకు ఒక బ్యాచ్ మొత్తం చచ్చిపోయింది. ఇంకొకటి పోతే గది ఖాళీ చేయాల్సిందేనని యజమాని అప్పుడే తెగేసి చెప్పాడు.

వారం రోజులుగా నిప్పులు చెరిగే ఎండ. ఆమె షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి గంటకోసారి తడుపుతూ వచ్చింది. వాటి గుండా వీచే గాలి చల్లబడి కోళ్లు ఎలాగో నిలదొక్కుకున్నాయి. ఈరోజు పొద్దున్నే ఫోన్‌లో వాతావరణ సూచన వచ్చింది: తీవ్రమైన వేడి, గాలిలో అధిక తేమ, సాయంత్రం ఉరుములతో కూడిన వాన. ఆమె చివరి మాటనే పట్టుకుంది. వాన పడేదాకా నెట్టుకొస్తే గండం గట్టెక్కినట్టే అనుకుని, గోనెలకు రెట్టింపు నీళ్లు పోసింది.

మధ్యాహ్నం రెండింటికి ఎక్కడో పిడుగు పడి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆకు కదలడం లేదు. కోళ్లు ముక్కులు తెరిచి రొప్పసాగాయి. ఆమె మళ్లీ బకెట్టు ఎత్తింది.

"ఇంకా ఎన్ని నీళ్లు పోస్తావే? నన్ను పిండినా ఓ బకెట్టు నిండుతుంది," అంది గడప మీద కూర్చున్న అత్త. "పొద్దున ఆరేసిన జాకెట్టు ఇప్పటికీ ఆరి చావలేదు."

బకెట్టు చేతిలోనే ఆగిపోయింది. ఆమె గంట కిందట తడిపిన గోనెను పట్టి చూసింది. ఇంకా నీళ్లు కారుతున్నాయి. నిన్నటిదాకా గంటలో ఆరిపోయిన గోనె అది; ఇవాళ గాలిలోనే తేమ నిండి ఆరడం లేదు. ఆరుతుంటేనే చల్లదనం, ఆరని గోనె గాలికి అడ్డుగోడ. కోళ్లకు ఊపిరాడకుండా చేసింది తన చేతులే.

"అత్తా, కత్తి! తొందరగా!"

తాళ్లు తెగ్గోసింది. గోనెలు దబదబా పడ్డాయి. బయటి నుంచి వచ్చిందీ ఆవిరే. కూలబడిన కోళ్ల కింద వేడి నిలిచిపోతుంది, లేపి నడిపించాలి. పాదాలతో మెల్లగా కదుపుకుంటూ ఆమె ఆ చివరి దాకా వెళ్లేసరికి, ఈ చివర లేచినవి మళ్లీ కూలబడ్డాయి.

అత్త కర్ర పట్టుకుని లోపలికి వచ్చింది.

"నువ్వెందుకత్తా? పడిపోతావ్."

"పడితే వీటితో పాటే నన్నూ లేపుదువులే. లేవండే మహారాణుల్లారా, కాళ్లు పట్టమంటారా?"

ఐదింటికి ఆకాశం ఫెళ్లున ఉరిమింది. కోళ్లు బెదిరి ఒక్క మూలకే పరుగెత్తి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె ఆ కుప్పలోకి దూకి, రెండు చేతులా లాగి ఇవతలికి విసిరింది. అడుగున చేతికి తగిలినవి వేడిగా, మెత్తగా, కదలకుండా ఉన్నాయి.

అప్పుడు వాన మొదలైంది. చల్లగాలి షెడ్డంతా తిరిగింది.

మూలన చచ్చిన కోళ్లు మోకాలెత్తు కుప్ప. అత్త బయటికి వెళ్లి దండెం మీది జాకెట్టు తీసి, తడిదాన్ని తడిగానే మడిచి సంచిలో పెట్టుకుంది.

"అప్పుడే సర్దకత్తా," ఆమె వెనక్కి తిరగకుండానే అంది. "ఇంకా కొన్ని రొప్పుతున్నాయి."

మళ్లీ ఆ చివరి నుంచి లేపడం మొదలుపెట్టింది.