పచ్చగానే ఉన్న కాడజెముడు

తొంభైల మొదట్లో ఒమన్‌లో, ఖబూరాలో, మా అర్బాబ్, అంటే యజమాని, తోటకు నీళ్లు పెట్టడం నా డ్యూటీ. గేటు నుంచి ఇంటి దాకా దారికి రెండు పక్కలా ఆయన కొత్త మొక్కలు వేయించాడు. ఆకులు కనిపించవు, పుల్లల్లాంటి కొమ్మలే. చలికాలంలో ఆ కొమ్మలు ఎర్రగా మారతాయట. చూస్తే మా ఊళ్లో చేను కంచెకు వేసే కాడజెముడే, కాకపోతే రంగు మారే రకం. కంచె మొక్కకు ఇంత మర్యాదా అని నవ్వుకున్నాను.

మొక్కలు తెచ్చి నాటిన నర్సరీ అన్న మా జగిత్యాల వైపువాడే. వెళ్లేముందు నాకు గట్టిగా చెప్పాడు.

"చలి షురువైనంక నీళ్లు బంద్ వెట్టు తమ్మీ. ఎండితెనే ఎర్రగైతది."

సరేనన్నాను. కానీ నా చెయ్యి వింటుందా? ఊళ్లో బావి ఎండిపోయి, మొక్కజొన్న నిలువునా మాడుతుంటే గట్టు మీద కూర్చుని చూసినవాణ్ని. ఇక్కడ మోటారు వేస్తే చాలు. రోజూ పొద్దున నిమ్మచెట్లకు పెట్టాక పైపు అటు తిప్పేవాణ్ని. కొంచెమే కదా అనుకునేవాణ్ని. రోజూ కొంచెమే.

జనవరిలో చూస్తే కొమ్మలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. వేరే రకం అంటగట్టి మోసం చేశారని అర్బాబ్ మండిపడ్డాడు. అన్నను పిలిపించి, అన్నీ పీకి పట్టుకుపొమ్మన్నాడు. అవి వెనక్కి వెళ్తే నర్సరీలో అన్న పని ఊడుతుంది. అన్న మొదళ్ల దగ్గర తడి మట్టి చూశాడు, నన్ను చూశాడు. నా పేరు చెప్పలేదు. గడ్డపార అందుకున్నాడు.

ఒక మొక్క పీకేదాకా నేను నోరు మెదపలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. రెండోదానికి అన్న వంగుతుంటే, వచ్చీ రాని హిందీలో చెప్పేశాను, రోజూ నీళ్లు పోసింది నేనేనని. అర్బాబ్ ఇంటికి పంపేస్తాడనే అనుకున్నాను. ఆయన మాత్రం, ఇకనుంచి నిమ్మచెట్ల వరకే నీ పని, ఇటు పైపు తేవద్దు అన్నాడు.

నెల తిరిగేసరికి దారి రెండు పక్కలా కొమ్మలు ఎర్రబడ్డాయి. పీకిన ఆ ఒక్క మొక్కను నా రూమ్ వెనక నాటుకున్నాను. మరుసటి చలికాలం అన్న వచ్చి దాన్ని చూశాడు. పచ్చగానే ఉంది.

"మళ్ల పోసినవా?"

"కొంచెమే అన్నా."