తోక కోసిన లెక్క

ఏడో తరగతిలో బడి మానేశాక, వెనక్కి లాక్కెళ్ళడానికి లెక్కల మాస్టారు వస్తారేమోనని వారం రోజులు పెరటి దారినే తిరిగాను. ఆయన రాలేదు. ఇల్లు తెలియక కాదు, నా పరీక్ష పేపర్లు దిద్దింది ఆయనే.

అలాంటి నేను మా ఆవిడకి అసమీకరణాలు చెప్పాను.

ఆవిడ అంగన్‌వాడీలో ఆయా. టీచరు పోస్టు ఖాళీ అవుతోంది, దానికి పది పాసవ్వాలి. ఓపెన్ స్కూల్లో మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కింది, లెక్కలు మాత్రం రెండుసార్లు పోయాయి. ఈసారీ పోతే ఆ పోస్టు ఇంకొకరిది. నేను సాలూరు స్టాండులో ట్రాలీ ఆటో నడుపుతాను. బరువుల లెక్క కాబట్టి నా దగ్గరికి తెచ్చింది.

బండి మోయగలిగేది 750 కేజీలు. ఇప్పటికే 130 కేజీల సామాను ఉంది. 25 కేజీల బియ్యం బస్తాలు ఇంకా ఎన్ని వెయ్యొచ్చు? ఆవిడ x పెట్టి, గుర్తు సరిగ్గా వేసి, 24.8కి మించకూడదని తేల్చింది. కింద మాత్రం 25 అని రాసింది. దగ్గరగా ఉంది కదా అని.

"ఇరవై ఐదో బస్తా ఎవుడి నెత్తిన పెడతావే?" అన్నాను.

"నువ్వు రోజూ ఎంత ఎక్కిత్తన్నావో నాకు తెల్దేటి మావా?"

"అది స్టాండు, ఇది పరీచ్చ. పుస్తకంలో బండికి ఓవర్‌లోడు కుదరదు. పాయింటు ఎనకాల తోక కోసెయ్. ఎప్పుడైనా అంతే."

ఆ మాట నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకుంది. నేను స్టాండుకెళ్ళి, ఇవాళ్టి నుంచి నన్ను మాస్టారనమన్నాను. ఎవరూ అనలేదు.

తర్వాతి ఆదివారం ఓపెన్ స్కూలు స్టడీ సెంటర్లో, అక్కడి మాస్టారు ఇంకో లెక్క ఇచ్చారట. 53 మంది పిల్లలు, ఆటోకి ఆరుగురికి మించి ఎక్కకూడదు, కనీసం ఎన్ని ఆటోలు కావాలి? 8.83 వచ్చింది. మా ఆవిడ తోక కోసి, ఎనిమిది అని అందరికంటే ముందు చెప్పింది.

"మరి మిగిలిన ఐదుగురు పిల్లలేరమ్మా?" అన్నారట ఆయన. క్లాసంతా నవ్విందట.

ఇంటికొచ్చి సంచి మంచం మీదికి విసిరింది.

"పూటపూటా తలలు లెక్కెట్టుకునే ఆయాని! నీ మాట ఇని ఐదుగుర్ని రోడ్డు మీద ఒగ్గీసినాను."

"నడిసొత్తార్లే," అన్నాను.

"నీకన్నీ ఆటే. ఈపాలి పోతే నేను ఎప్పుటికీ ఆయానే. తెలుసునా?"

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. మర్నాడు కిరాయి కోసం కాచుకుంటూ బండిలో కూర్చుని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాను. బస్తా తోక బండెక్కకూడదు. పిల్లల తోక కోసం ఇంకో బండి రావాలి. మొదటిది మించకూడదనే లెక్క, రెండోది తగ్గకూడదనే లెక్క. నా మాట వినకుండా తన పాత పద్ధతిలోనే దగ్గరి అంకె రాసి ఉంటే తొమ్మిదని సరిగ్గానే వచ్చేది. అది కూడా చెడగొట్టింది నేనే.

ఇంటికెళ్ళి ఇదంతా చెప్పబోయాను.

"నాకు ఇంక రూలు సెప్పకు. నేను సూసుకుంతాను," అంది.

నిజంగానే చూసుకుంది. ప్రతి లెక్కకీ వచ్చిన జవాబును మళ్ళీ ప్రశ్నలో పెట్టేది. బరువు మించిందా? పిల్లలు మిగిలారా? పరీక్ష దాకా రోజూ అదే పని.

ఫలితం ఫోనులో వచ్చింది. పాసుకి ముప్పై ఐదు, ఆవిడకి ముప్పై ఎనిమిది. చాలాసేపు ఫోను కింద పెట్టలేదు. నేనుండబట్టలేక, "నా పాఠం ఊరికే పోలేదు, సూసినావా?" అన్నాను.

"ఊరికే ఎందుకు పోతాది మావా? నువ్వేటి సెప్పినా ఓపాలి సరిసూసుకోవాలని నేర్సుకున్నాను కదా."