బాయిలనన్న తోస్త గని

కోదాడలో రూపకు రెండు పేర్లున్నాయి. బడిలో రూప టీచరు. ఫోన్లో ఆమె సీరియళ్లు చదివే ఆడవాళ్లకు మాత్రం ఇంటిగుట్ల రూప. దాచిపెట్టిన పెళ్లిళ్లు, మాటల్లేని అన్నదమ్ములు, ఎవరి పిల్లలో తెలియని పిల్లలు ఆమె కథల నిండా ఉంటారు. ఇవన్నీ ఈమెకెట్లా తెలుస్తాయని జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. నోరు మూసుకుని చెవులు తెరుచుకుంటే ఎవరికైనా తెలుస్తాయి. పైగా ఆమెది చూడగానే కడుపులో మాట చెప్పుకోవాలనిపించే మొహం. ఆ మొహంతో చాలా కథలు సంపాదించుకుంది.

భర్త సతీష్ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. భార్య రాసింది ఒక్క ముక్కా చదవడు గానీ, "మా ఇంటామె రైటర్" అని షిఫ్టులో అందరికీ డప్పు కొడతాడు. అతనికి తల్లిదండ్రులు లేరు. మిగిలింది మేనత్త బుచ్చమ్మ, తండ్రి మట్టయ్యకు చెల్లెలు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు పనికి పోతుంది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు అశ్వినిని హాలియాలో ఇచ్చింది.

బుచ్చమ్మకు సతీష్ అంటే పంచప్రాణాలు. అయినా చుట్టాల్లో ఆమెకు మంచిపేరు లేదు. మట్టయ్య దినాలనాడు పెద్దమనుషులు విస్తళ్ల ముందు కూర్చుని, అశ్వినిని సతీష్‌కే చేసుకోండి, మేనరికం ఎక్కడికి పోతుంది అన్నారు. బుచ్చమ్మ విస్తరి ముందు నుంచి లేచింది.

"నా బిడ్డను బాయిలనన్న తోస్త గని వీనికియ్య!"

సతీష్ అక్కడే పప్పు వడ్డిస్తున్నాడు. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడట. తండ్రి పోయిన ఇంట్లో, అంతమంది ముందు, ప్రాణంగా చూసే అత్త అంత మాటంది. ఎందుకన్నావని అతనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. చుట్టాలు మాత్రం ఆ మాట మరిచిపోలేదు. ఎక్కడ కలిసినా బుచ్చమ్మ పొగరు గురించి చెప్పుకుంటూనే ఉన్నారు.

నిరుడు బుచ్చమ్మకు సూర్యాపేటలో ఆపరేషనైంది. తోడుగా రూప ఉంది. థియేటర్లోకి తీసుకుపోయే ముందు ముసలామెకు భయం పట్టుకుంది. రూప చెయ్యి లాక్కుని గుసగుసగా చెప్పింది.

"సతీషు నా కడుపుల వుట్టినోడు బిడ్డా. నాకప్పటికి పెండ్లి గాలె. అన్నొదినెకు పిల్లలు లేకుండిరి, వాళ్ల కొడుకని జెప్పి సాదిర్రు. వాళ్లు పొయినంక గీ ముచ్చట నాకొక్కదానికే ఎరుక. ఎవ్వలకు జెప్పనని ఒట్టెయ్యి."

రూప ఒట్టేసింది. చెల్లెల్ని అన్నకిచ్చి చేయమంటే ఏ తల్లి అయినా అంతే అంటుంది కదా అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే. ఇంటికొచ్చిన వారంలోనే సీరియల్ మొదలుపెట్టిందనేదీ నిజమే.

అన్నీ మార్చానని తనకు తాను నచ్చజెప్పుకుంది. మిల్లును ఇటుకబట్టీ చేసింది. మిర్యాలగూడను నాగార్జున సాగర్ చేసింది. ఎలక్ట్రీషియన్‌ను లారీ డ్రైవర్ చేసింది. దినాలనాడు బుచ్చమ్మ అన్న ఆ ఒక్క మాటను మార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. మార్చి చూస్తే చప్పగా ఉంది. ఉన్నదున్నట్టు పెట్టేసింది. పాడు బుద్ధి! అంత మంచి మాటను ఎవరు వదులుకుంటారు? లైకులు కుప్పలు పడ్డాయి.

అశ్విని ఆమె సీరియళ్లు ఒక్కటీ వదలదు. ఆ మాట దగ్గరికి రాగానే, ఇది నీ కథేనా అని తల్లికి ఫోన్ చేసింది. కాదు అని తల్లి అనలేకపోయింది. తర్వాత సతీష్‌కు చేసింది. ఎప్పుడూ "ఏం బావా" అని ఆటపట్టించే పిల్ల ఆ రోజు "అన్నా" అని ఒక్కసారి పిలిచి ఏడుపందుకుంది.

సతీష్ మొదటిసారి భార్య రాసింది చదివాడు. మొత్తం చదివాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

రూప సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి పుట్టుక మొగుడి కంటే ముందు ముక్కూమొహం తెలియని వేలమందికి చెప్పింది. సీరియల్ తీసేసింది, తీసేస్తే చదివినవాళ్ల మనసుల్లోంచి పోతుందా? ఆదివారం ఇద్దరూ మిర్యాలగూడ బస్సెక్కారు.

బుచ్చమ్మ గడపలో నిలబడి ఉంది. ఎప్పుడూ అయితే సతీష్ సందు మొదట్లోనే "అత్తా, ఏం వండినవ్" అని అరిచేవాడు. ఈసారి దగ్గరిదాకా వచ్చి ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. చివరికి, "మంచిగున్నరా?" అన్నాడు. బ్యాంకు మేనేజర్‌ను పలకరించినట్టు.

"ఆఁ, మంచిగనే ఉన్న" అని బుచ్చమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

రూప వెనకాలే పోయి ఆమె కాళ్ల మీద పడింది.

"తప్పయింది అత్తమ్మా. కొట్టు, తిట్టు, ఏమన్న అను."

బుచ్చమ్మ తిట్టలేదు. గిన్నెలో నీళ్లు పోస్తూ చిన్నగా అంది.

"ఎందుకు తిడుత బిడ్డా. మొన్నటిదాక వాడు అత్తా అని పిలుస్తుంటె, నేను అమ్మా అన్నట్టే ఇనుకునేదాన్ని. ఇప్పుడు గా పిలుపు గూడ లేకపాయె."